రెండు పక్షాల నడుమ ఒక తెలుగుబిడ్డ: సి.వై. చింతామణిగారి జీవితం

ఉత్సవ సంచికలలో ఒక మహనీయుని జీవితాన్ని పిల్లలకు పరిచయం చేయడం మన సభలకు ఆనవాయితీ. కందుకూరి వీరేశలింగం పంతులుగారి గురించి, గురజాడ అప్పారావుగారి గురించి, టంగుటూరి ప్రకాశం పంతులుగారి గురించి మన పెద్దలు ఇదివరకే రాశారు, మనం చదివాము. ఈసారి మేము ఎన్నుకొన్న పేరు మన ఇళ్లలో అంతగా వినబడినది కాదు. ఆంధ్రదేశంలో కూడా ఈనాటి పిల్లలు ఆ పేరు చెబితే వెంటనే గుర్తుపట్టరు. అయినా ఒకప్పుడు ఉత్తర హిందూస్థానమంతటా ఉదయం పత్రిక విప్పిన చదువుకొన్నవారు మొదట చూసేది ఆయన సంపాదకీయమే. ఆయనే సర్ చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణిగారు.

ఆయన జీవితాన్ని ఈ సంచికకు ఎన్నుకోవడానికి ఒక కారణం ఉంది. కొందరు మహనీయులు ఒక పక్షానికి నాయకులై, ఆ పక్షం గెలిచినప్పుడు దానితోపాటు కీర్తి పొందుతారు. చింతామణిగారి పక్షం గెలవలేదు. చివరికి మిగలనూ లేదు. సర్కారు ఆయనను తనవాడు అనుకోలేదు, కాంగ్రెసువారూ అనుకోలేదు, సొంత పక్షంలోనూ ఆయనతో వేగలేనివారు ఉన్నారు. ఇన్ని తగాదాల నడుమ నేను ఎవరిని అనే ప్రశ్నకు ఒక మనిషి తన జవాబు తాను ఎలా చెప్పుకొన్నాడో తెలుసుకోవడం, పుట్టిన దేశం ఒకటి, పూర్వుల దేశం ఒకటి అయిన మనవంటి వారికి ఉపయోగకరమని మేము అనుకొంటున్నాము.

విజయనగరం

చింతామణిగారు 1880 ఏప్రిల్ 10వ తేదీన విజయనగరంలో పుట్టారు. ఆ రోజు విక్రమ నామ సంవత్సర ఉగాది. తండ్రి చిర్రావూరి రామసోమయాజులుగారు వేదపండితులు. పేరులోనే సోమయాజి ఉన్న ఇల్లు ఎంత ఆచారవంతమైనదో చెప్పనక్కరలేదు.

ఆ కాలపు విజయనగరం చిన్న ఊరే అయినా విద్యకు పెట్టింది పేరు. గజపతి మహారాజుల కోట, మహారాజావారి కళాశాల, సంగీతం, సంస్కృతం, ఇంగ్లీషు చదువు అన్నీ ఒకచోట కలిసి ఉండేవి. కన్యాశుల్కం నాటకం 1892లో మొదటిసారి ఆడింది ఆ ఊళ్లోనే. అప్పటికి చింతామణిగారికి 12 ఏళ్లు. వేదం చెప్పుకొనే వీధిలోనే బాల్యవివాహాలను, ఆడపిల్లల అమ్మకాలను ఎగతాళి చేసే నాటకం పుట్టిన కాలంలో ఆయన పెరిగారు. పాతను గౌరవిస్తూనే పాతలోని తప్పును తప్పు అని చెప్పవచ్చుననే పాఠం ఆ గాలిలోనే ఉందనుకోవాలి.

మన చదువరులకు విజయనగరం, విశాఖపట్నం అనే పేర్లు పరాయివి కావు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ దర్బనులో మన పూర్వులను దించింది మొదలు, 1911లో నేటాలుకు కూలీల ఎగుమతి ఆగిపోయేవరకు ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ జిల్లాల నుంచే ఒప్పందపు చీటీల మీద ఓడ ఎక్కాయి. ఒకే జిల్లా నుంచి ఒకరు చెరకు తోటలకు వచ్చారు, ఇంకొకరు పత్రికా కార్యాలయానికి వెళ్లారు. ఇద్దరూ సొంతగడ్డ విడిచినవారే.

మూడు వందల రూపాయల పత్రిక

కళాశాల చదువు చింతామణిగారికి పూర్తి కాలేదు. 18 ఏళ్ల వయసులో విశాఖపట్నంలో వెలువడే వైజాగ్ స్పెక్టేటర్ అనే ఇంగ్లీషు పత్రికకు సంపాదకుడయ్యారు. కొంతకాలానికి ఆ పత్రికను 300 రూపాయలకు తానే కొని, విజయనగరానికి తరలించి, ఇండియన్ హెరాల్డ్ అని పేరు పెట్టారు. వార్తలు సేకరించేదీ ఆయనే, రాసేదీ ఆయనే, అచ్చుతప్పులు దిద్దేదీ ఆయనే, లెక్కలు చూసేదీ ఆయనే. ఆ పత్రిక రెండేళ్లలో మూతపడింది. ఇంచుమించు ఆ రోజులలోనే మొదటి భార్య చనిపోయారు. చేతిలో పసిబిడ్డ, నెత్తిన నష్టం. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా లేవు.

అయినా 1901లోనే భారతీయ సంఘసంస్కరణ మీద వ్యాసాలను, ఉపన్యాసాలను ఒకచోట కూర్చి ఇంగ్లీషులో ఒక పెద్ద గ్రంథం ప్రకటించారు. 21 ఏళ్ల కుర్రవాడు, సోమయాజిగారి కొడుకు, స్త్రీవిద్యను, వితంతు వివాహాలను సమర్థించే గ్రంథానికి సంపాదకుడు కావడం ఆ రోజులలో సామాన్యమైన పని కాదు. తరువాత 1905లో ఫిరోజ్‌షా మెహతాగారి ఉపన్యాసాలను కూడా ఆయన గ్రంథంగా కూర్చారు.

మద్రాసులో జి. సుబ్రహ్మణ్య అయ్యరుగారి దగ్గర కొంతకాలం పనిచేసి, అక్కడి నుంచి ఉత్తరాదికి వెళ్లారు. సచ్చిదానంద సిన్హాగారి ఇండియన్ పీపుల్ అనే పత్రికలో పని దొరికింది. అలా అలహాబాదు, అనగా ప్రయాగ, ఆయన ఊరైంది. చనిపోయేవరకు ఆయన కార్యక్షేత్రం అదే.

ప్రయాగలో లీడర్

1909 అక్టోబరు 24, విజయదశమి నాడు, పండిత మదనమోహన మాలవ్యాగారి పూనికతో అలహాబాదులో లీడర్ అనే ఇంగ్లీషు దినపత్రిక ఆరంభమైంది. చింతామణిగారు మొదటినుంచీ దాని సంపాదకులు. పత్రికను నడిపే కంపెనీ డైరెక్టర్లకు మొదటి అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూగారు. ఆ ఊరి పెద్ద న్యాయవాది తేజ్ బహదూర్ సప్రూగారు కూడా ఆ మిత్రబృందంలోనివారే.

ఆ రోజులలో ఆ నలుగురిదీ ఒకటే దారి. అది గోపాలకృష్ణ గోఖలేగారి దారి. 1907లో సూరతులో కాంగ్రెసు రెండుగా చీలినప్పుడు అందరూ ఒకే వైపు ఉన్నారు. చట్టసభలలో వాదించి, ప్రజాభిప్రాయాన్ని కూడగట్టి, మెట్టు మెట్టుగా స్వపరిపాలన సాధించాలన్నది వారి నమ్మకం.

గోఖలేగారి పేరు మన ఇళ్లలో తెలియనిది కాదు. నేటాలుకు ఒప్పందపు కూలీలను పంపడం ఆపాలని 1910లో కలకత్తాలో ఇంపీరియల్ శాసనమండలిలో తీర్మానం తెచ్చింది ఆయనే. 1912లో ఆయన మన దేశానికి వచ్చి మన పెద్దల కష్టాలు కళ్లారా చూశారు. 1916లో ఒప్పందపు కూలీ పద్ధతినే మొత్తంగా రద్దు చేయాలని అదే మండలిలో తీర్మానం తెచ్చింది మాలవ్యాగారు. మన పూర్వుల సంకెళ్లు తెగడానికి మాట సాయం చేసిన వారిలో మెట్టుమెట్టు దారివారు ముందు వరుసలో ఉన్నారని ఈ తరం గుర్తుంచుకోవాలి.

మితవాది అన్నదెవరు, ఉదారవాది అన్నదెవరు

ఇక్కడ ఒక మాట గురించి ఆగి చెప్పాలి. సాయంకాలపు తెలుగు తరగతిలో లిబరల్ అనే మాటకు తెలుగు ఏమిటని పిల్లలు అడిగితే రెండు మాటలు చెప్పవలసి వస్తుంది. ఒకటి మితవాది, రెండు ఉదారవాది. రెండూ ఒకే మనుషులకు వాడిన మాటలే. కాని మొదటిది బయటివారు కొలిచి పెట్టిన పేరు. అతివాది ఒకడు ఉన్నాడు కనుక ఇతడు మితవాది. అంటే ఎదుటివాడిని బట్టి వచ్చిన పేరు. రెండవది వారు తమకు తాము పెట్టుకొన్న పేరు. స్వేచ్ఛ, చట్టం, సమానత్వం అనే తమ నమ్మకాలను బట్టి వచ్చిన పేరు.

మన దేశంలో లిబరల్ అనగానే పెద్దవారికి ఆలన్ పేటన్‌గారి పక్షం గుర్తుకు వస్తుంది. 1953లో పుట్టిన ఆ పక్షం, వేర్వేరు జాతులవారు ఒకే పక్షంలో ఉండరాదని 1968లో సర్కారు చట్టం చేసినప్పుడు, ఆ చట్టానికి తల ఒగ్గకుండా తానే రద్దయింది. హిందూదేశపు లిబరల్ పక్షం వేరు. దాని కథ 1918లో మొదలౌతుంది.

ఆ ఏడు జూలైలో మాంటేగు, చెమ్స్‌ఫర్డుల సంస్కరణల నివేదిక వెలువడింది. రాష్ట్రాలలో విద్య, ఆరోగ్యం వంటి శాఖలు భారతీయ మంత్రులకు, పోలీసు, ఆదాయం వంటి శాఖలు గవర్నరు చేతికి అని అధికారాన్ని రెండు ముక్కలు చేసిన పథకమది. అది చాలదు, నిరాశ కలిగిస్తుంది అన్నారు కాంగ్రెసులో ఎక్కువమంది. చాలదు, అయినా అందుకొని ముందుకు లాగాలి అన్నారు కొందరు. ఆ కొందరు 1918 నవంబరు 1న బొంబాయిలో సురేంద్రనాథ్ బెనర్జీగారి అధ్యక్షతన వేరుగా సమావేశమయ్యారు. అదే నేషనల్ లిబరల్ ఫెడరేషను అయింది. దాని ప్రధాన కార్యదర్శులలో చింతామణిగారు ఒకరు.

మిత్రులు విడిపోయిన వేళ

పక్షాలు వేరైతే పత్రిక ఎవరిది? లీడర్ కార్యాలయంలో అదే తగాదా వచ్చింది. మోతీలాల్‌గారి మనసు అప్పటికే కొత్త రాజకీయాల వైపు తిరిగింది. పత్రిక మరింత వేడిగా రాయాలన్నది ఆయన కోరిక. సంపాదకుడు తాను నమ్మనిది రాయడన్నది చింతామణిగారి పట్టు. పత్రికలో వాటా ఉన్న ధనవంతుడు, దేశమంతా పేరున్న న్యాయవాది ఒకవైపు. నెలజీతం తీసుకొనే పరదేశపు తెలుగువాడు ఇంకొకవైపు. అయినా సంపాదకుడు లొంగలేదు. మోతీలాల్‌గారు లీడర్‌ను విడిచి 1919 ఫిబ్రవరి 5న ఇండిపెండెంట్ అనే పోటీ పత్రికను అదే ఊళ్లో పెట్టారు. సర్కారు ధరావతు జప్తు, ఆంక్షల వల్ల అది కొద్ది ఏళ్లకే ఆగిపోయింది. లీడర్ నిలిచింది.

ఇది గెలుపు అని మేము చెప్పడం లేదు. ఇండిపెండెంట్‌ను దెబ్బతీసింది పాఠకులు కాదు, సర్కారు. మాలవ్యాగారు కాంగ్రెసులోనే ఉండిపోయారు. మోతీలాల్‌గారు, ఆయన కుమారుడు జవాహర్‌లాల్‌గారు జైలుకు వెళ్లారు. దేశం వారి వెంట నడిచింది. ఒకప్పుడు ఒకే దారిలో నడిచిన నలుగురు మూడు దారులు పట్టారు. ఒకే ఊరు, ఎదురుపడక తప్పని వీధులు. ఆ వీధులలో చింతామణిగారు మరి 20 ఏళ్లకు పైగా బతికారు.

మంత్రి పదవి, రాజీనామా

1920 సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక సభలో కాంగ్రెసు సహాయనిరాకరణం వైపు తిరిగింది. ఆ ఏడు చివర జరిగిన ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించింది. లిబరల్‌లు పోటీ చేసి మండలులలో ప్రవేశించారు. అదే డిసెంబరులో మద్రాసులో జరిగిన లిబరల్ మహాసభకు చింతామణిగారు అధ్యక్షులు. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు.

1921లో ఆయన సంయుక్త రాష్ట్రాల విద్యామంత్రి అయ్యారు. పరిశ్రమల శాఖ కూడా ఆయనదే. కళాశాల చదువు పూర్తి చేయనివాడు కోట్లమంది ప్రజలున్న రాష్ట్రానికి విద్యామంత్రి కావడం విశేషమే. అలహాబాదు విశ్వవిద్యాలయానికి కొత్త రూపమిచ్చిన చట్టం, హైస్కూలు, ఇంటర్మీడియెట్ పరీక్షలకు వేరుగా బోర్డు ఏర్పరచిన చట్టం రెండూ 1921లో, ఆయన కాలంలో వచ్చినవే. ఆ బోర్డు ఈనాటికీ ఉత్తరప్రదేశ్‌లో లక్షలాది పిల్లలకు ఏటా పరీక్షలు జరుపుతున్నది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఒక మంత్రి పేరు కంటే ఆయన నాటిన బోర్డు బతికి ఉండడమే గొప్పగా కనబడుతుంది.

కాంగ్రెసు వారి దృష్టిలో అప్పుడు ఆయన పదవి కోసం సర్కారు పంచన చేరినవాడు. ఆ మాట నిజమో కాదో 1923లో తేలింది. మంత్రి సలహాను గవర్నరు తోసిపుచ్చితే మంత్రి ఏమి చేయాలి? జీతం తీసుకొంటూ ఊరుకోవాలా? చింతామణిగారు ఊరుకోలేదు. గవర్నరుతో విభేదించి రాజీనామా ఇచ్చారు. తోటి మంత్రి పండిత జగత్ నారాయణ్‌గారు కూడా ఆయనతోపాటే తప్పుకొన్నారు. ఆ మరుసటి ఏడు సంస్కరణల విచారణ సంఘం ఎదుట నిలబడి, తాను పాల్గొన్న పద్ధతే ఎందుకు నడవదో తన అనుభవంతో సాక్ష్యం చెప్పారు. బయట నిలబడి కూడదు అనడం సులువు. లోపలికి వెళ్లి పనిచేసి, కూడదని తేలినప్పుడు బయటికి వచ్చి కారణం చెప్పడం వేరు.

దీనికి ఫలితం ఏమిటంటే, సర్కారుకు ఆయన అప్రియుడయ్యారు. కాంగ్రెసుకు ప్రియుడు కాలేదు. 1923 చివర ఎన్నికలలో మోతీలాల్‌గారి స్వరాజ్య పక్షం లిబరల్‌లను తుడిచిపెట్టింది. చింతామణిగారు మండలికి దూరమయ్యారు. 1927లో తిరిగి వచ్చి 1936 వరకు సభ్యులుగా ఉండి, ప్రతిపక్ష నాయకులుగా సర్కారు లెక్కలను అణా పైసలతో సహా నిలదీశారు. అంకెలు, తేదీలు, పాత తీర్మానాలు కాగితం చూడకుండా చెప్పగల జ్ఞాపకశక్తి ఆయనదని ఆ కాలపువారంతా ఒప్పుకొన్నారు.

ఇంటిలోపలి తగాదాలు

ఇంతవరకు చెప్పినవి బయటి తగాదాలు. లిబరల్ పక్షం లోపల ఉన్న తగాదాలే ఆయనకు అసలు పరీక్ష.

ఆ పక్షంలో పెద్దలు ఎందరో. ప్రతి ఒక్కరూ చదువులో, వాదనలో, కీర్తిలో ఘనులే. అందరూ నాయకులే, వెంట నడిచే సేన లేదు. కొందరికి సర్కారుతో రాజీ మీద మొగ్గు. బిరుదులు, పదవులు వస్తే వద్దనరు. కొందరికి కాంగ్రెసుతో కలిసి పనిచేయాలని మొగ్గు. సప్రూగారు క్రమంగా పక్షాన్ని విడిచి, తన సొంత పలుకుబడితో సర్కారుకు, కాంగ్రెసుకు మధ్య రాయబారాలు నడిపారు. చింతామణిగారు పక్షంలోనే ఉండి, దానిని సర్కారు వైపు జారనీయకుండా కాపలా కాసినవారు. పక్షం ఎడమ వైపున నిలిచినవారిలో ఆయన ముఖ్యులు.

1927 నవంబరులో సైమన్ కమిషనును ప్రకటించారు. అందులో ఒక్క భారతీయుడు కూడా లేడు. లిబరల్‌లు మాత్రం సహకరిస్తారని సర్కారు ఆశపెట్టుకొంది. ఆ డిసెంబరులో సప్రూగారి అధ్యక్షతన లిబరల్ మహాసభ బహిష్కారానికే నిశ్చయించింది. ఆ నిశ్చయం కోసం కలంతో పోరాడిన వారిలో చింతామణిగారు ఉన్నారు. బహిష్కారాలను తప్పుపట్టినవాడే బహిష్కరించమన్నాడని కొందరు నవ్వారు. కాని ఆయన దృష్టిలో తేడా స్పష్టం. చాలీచాలనిదాన్ని అందుకోవచ్చు, అవమానాన్ని అందుకోకూడదు.

1930లో కాంగ్రెసు ఉప్పు సత్యాగ్రహం చేసినప్పుడు ఆయన శాసనోల్లంఘనాన్ని సమర్థించలేదు. చట్టం మీద గౌరవం ఒకసారి పోతే రేపు మన సర్కారు వచ్చినా నిలవదన్నది ఆయన భయం. కాని ఆ ఉద్యమాన్ని అణచడానికి సర్కారు ఆర్డినెన్సులు తెచ్చినప్పుడు వాటినీ అంతే గట్టిగా ఖండించారు. సత్యాగ్రహి చట్టం తప్పితే తప్పు, పాలకుడు చట్టాన్ని పక్కన పెడితే అంతకంటే పెద్ద తప్పు. ఈ మాట ఇద్దరికీ నచ్చలేదు.

ఆ ఏడు నవంబరులో లండనులో మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి లిబరల్ ప్రతినిధిగా వెళ్లారు. శ్రీనివాస శాస్త్రిగారు, సప్రూగారు కూడా ఉన్నారు. 1931లో రెండవసారి లిబరల్ మహాసభకు అధ్యక్షులయ్యారు. 1932లో ఎవరెవరికి ఓటు ఇవ్వాలో తేల్చడానికి లోథియన్ ప్రభువు అధ్యక్షతన సంఘం వేసినప్పుడు అందులో సభ్యులయ్యారు. సంఘం నివేదిక రాసింది. చింతామణిగారు, తాంబే, బఖలే అనే మరి ఇద్దరు సభ్యులతో కలిసి, సంఘం చెప్పినంత చాలదని వేరుగా తమ అసమ్మతి పత్రం జతచేశారు. కూర్చోమన్న బల్ల దగ్గర కూర్చున్నారు, కాని సంతకంతో పాటు అసమ్మతిని కూడా రాసి లేచారు. ఆయన రాజకీయ జీవితమంతటికీ ఇదే ముద్ర.

లోటు ఎక్కడ

మహనీయుల జీవితాలు రాసేటప్పుడు లోట్లు దాచడం మన సంచికలలో ఒక అలవాటు. పిల్లలకు అది మేలు చేయదు. కనుక చెబుతున్నాము.

లిబరల్ పక్షం జనంలోకి వెళ్లలేదు. వారి మహాసభలు నగరాలలోని హాళ్లలో, ఇంగ్లీషులో, సంవత్సరానికి ఒకసారి జరిగేవి. రైతు పన్ను గురించి వారికి తెలియనిది లేదు, కాని రైతు వారిని ఎరగడు. చింతామణిగారి లీడర్ ఎంత గొప్ప పత్రిక అయినా ఇంగ్లీషు వచ్చినవారి పత్రిక. గాంధీగారు నడిచి వెళ్లిన పల్లెకు లీడర్ సంపాదకీయం వెళ్లలేదు. 1937 ఎన్నికలలో కాంగ్రెసు గాలికి లిబరల్‌లు నిలవలేకపోయారు. అందులో ఆశ్చర్యం లేదు. జైలుకు వెళ్లినవారి త్యాగం జనానికి కనబడింది. గదిలో కూర్చుని రాసినవాడి పట్టుదల కనబడలేదు. చట్టం మారడానికి వాదన ఒక్కటే చాలదని, జనబలం కావాలని మన దేశపు చరిత్ర కూడా మనకు చెప్పింది.

అయితే ఒకటి గమనించాలి. స్వాతంత్ర్యం వచ్చాక హిందూదేశం ఎన్నికలు, చట్టసభలు, లెక్కల తనిఖీ, పత్రికా స్వేచ్ఛ, ప్రతిపక్ష నాయకుడు వంటి పద్ధతులతోనే బండి నడుపుకొంది. అవి ఎలా నడవాలో ముందుగా ఆచరించి చూపినవారు ఈ ఓడిపోయినవారే. పక్షం పోయింది, పద్ధతి మిగిలింది.

1930ల నడుమ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆహ్వానం మీద వాల్తేరు వెళ్లి, 1857 తిరుగుబాటు తరువాతి భారత రాజకీయాలపై ఉపన్యాసాలు ఇచ్చారు. విశ్వవిద్యాలయం వాటిని గ్రంథంగా ప్రకటించింది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడుగా పత్రిక నడిపిన ఊరికి, పండిన వయసులో పాఠం చెప్పడానికి వెళ్లారు. 1939లో సర్ బిరుదు వచ్చింది. 1941 జూలై 1న కన్నుమూశారు. స్వాతంత్ర్యానికి ఇంకా ఆరేళ్లు ఉంది.

మన నేల మీద అదే ప్రశ్న

ఆయన మిత్రుడు, తోటి లిబరల్ శ్రీనివాస శాస్త్రిగారు మన దర్బనుకు సుపరిచితులు. 1927 కేప్‌టౌన్ ఒప్పందం తరువాత భారత ప్రభుత్వ ప్రతినిధిగా ఇక్కడికి వచ్చి 1929 వరకు ఉన్నారు. మన పిల్లల ఉన్నతవిద్య కోసం ఆయన పూనికతో వెలసిన శాస్త్రి కళాశాలలో చదివి ఎందరో ఉపాధ్యాయులయ్యారు. ఆ విధంగా చింతామణిగారి పక్షపు వేరు ఒకటి మన నేలలోనూ పాకింది.

లిబరల్‌ల తగాదాలు కూడా మనకు పరాయివి కావు. భారతీయులను వేరే దేశాలకు తరలించే పథకం మీద విచారణకు మన కాంగ్రెసు పెద్దలు సహకరించారని కోపించి, ఇక్కడ పుట్టినవారు 1933లో వేరే సంఘం పెట్టారు. 1939లో నేటాలు ఇండియన్ అసోసియేషను పుట్టి, ఉన్న కాంగ్రెసుకు పోటీ అయింది. 1945లో డాక్టర్ మాంటీ నాయకరుగారి వర్గం నేటాలు ఇండియన్ కాంగ్రెసు నాయకత్వాన్ని పాతవారి నుంచి చేపట్టింది. రెండేళ్లకు పాతవారు మరొక సంఘం పెట్టుకొన్నారు. అందరూ మన మేలు కోరినవారే. ఎవరు ఎక్కువ కోరారన్నదే తగాదా.

తరువాత 1984లో మూడు సభల పార్లమెంటు వచ్చింది. తెల్లవారికి ఒకటి, మిశ్రమజాతివారికి ఒకటి, మనకు ఒకటి. దేశంలో అందరికంటే ఎక్కువమంది అయిన ఆఫ్రికనులకు ఏమీ లేదు. అందులో చేరాలా, బహిష్కరించాలా? ఒకే భోజనాల బల్ల దగ్గర అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు ఉన్నాయి. ఎక్కువమంది ఓటుకు వెళ్లలేదు. వెళ్లినవారిని అమ్ముడుపోయారన్నారు. వెళ్లనివారిని పని చెడగొట్టేవారన్నారు. 1920లో అలహాబాదులో వినబడిన మాటలే అవి.

చింతామణిగారి జీవితంలో ఈ ప్రశ్నకు తయారుగా జవాబు దొరకదు. 1920లో చేరమన్నవాడే 1927లో చేరవద్దన్నాడు. కాని కొలిచే కర్ర మాత్రం దొరుకుతుంది. చేరితే మనతోటివారికి అవమానమా? చేరినవాడికి నిజంగా పని చేసే అధికారం ఉందా? లేదని తేలిన రోజున లేచి రాగలడా? ఈ మూడు ప్రశ్నలు వేసుకొన్నవాడికి ఏ పక్షం పేరూ మెడలో కట్టుకోనక్కరలేదు. ఆ కర్రతో కొలిస్తే 1984 నాటి సభ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయిందని మా అభిప్రాయం. పెద్దలలో కొందరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోనివారితో మాట్లాడడం మానరాదన్నది కూడా ఈ జీవితం నేర్పే పాఠమే.

మనలను అడిగేవారు ఉన్నారు, నువ్వు భారతీయుడివా, ఆఫ్రికావాడివా, తెలుగువాడివా అని. ఎవరో ఒక పెట్టె చూపి అందులోకి దిగమంటారు. విజయనగరంలో పుట్టి, ప్రయాగలో బతికి, ఇంగ్లీషులో రాసి, హిందీ రాష్ట్రానికి మంత్రి అయిన చింతామణిగారిని కూడా ఎన్నో పెట్టెలలో పెట్టాలని చూశారు. ఆయన తన పేరును తన నడతతో తానే రాసుకొన్నారు. సర్కారుకు ఏది చెప్పారో కాంగ్రెసుకూ అదే చెప్పారు. సొంతవారికీ అదే చెప్పారు. దానికి తగిన ధర చెల్లించారు.

మన పిల్లలు ఏ పక్షంలో చేరినా, ఏ పక్షంలోనూ చేరకపోయినా, ఈ ఒక్క గుణం అలవరచుకొంటే చాలునని మా ఆకాంక్ష. ఇంట్లో ఒక మాట, సభలో ఒక మాట కాకుండా, ఒకే మాట మీద నిలబడేవారిని చూసి ఊరు మొదట కోపించవచ్చు. తరువాత కష్టం వచ్చినప్పుడు ఆ ఊరే సలహా కోసం వారి గడప తొక్కుతుంది.